ఒడ్డున జరుగు పని

ధ్యానభాగము: లూకా 5:1–11, మార్కు 1:16–20, గలతీయులకు 6:1–2



సువార్తలలో చేపలు పట్టుటను గూర్చి చదువునప్పుడు మన దృష్టి సాధారణముగా నీటి మీదనే నిలుచును. రెండు పడవలు నిండునంతగా చేపలు పడుట, పేతురు భయపడి ప్రభువు ముందర సాగిలపడుట, ఇవి మన ఆదివారపు బడి పిల్లలు కూడ చెప్పగల సంగతులు. అయితే ఆ వృత్తాంతము నీటి మీద మొదలు కాలేదు, ఒడ్డున మొదలాయెను. ప్రభువు గెన్నేసరెతు సరస్సు తీరమున నిలిచి చూచినప్పుడు ఆయనకు కనబడినవి రెండు ఖాళీ పడవలు, వలలను శుభ్రము చేసికొనుచున్న అలసిన మనుష్యులు. యాకోబు యోహానులు కూడ పిలుపు వచ్చిన గడియలో చినిగిన వలలకు మరమ్మతు చేయుచునే కనబడిరని మార్కు తెలుపుచున్నాడు.

ఈ నెల మనము ఒడ్డున జరుగు ఆ పనిని గూర్చి ధ్యానింతము. దానిని మాకు నేర్పినది పెద్ద గ్రంథములు కావు. ఒక వృద్ధ జాలరియు, ఉప్పు పట్టి బిగిసిపోయిన ఒక గాలపు రీలును నేర్పినవి.

కృష్ణా తీరమందలి ఒక చిన్న సంఘమును మేము నెలకొకసారి దర్శించుచుండెడివారము. ఆ సంఘములో అన్నదమ్ముల బిడ్డలైన ఇద్దరు గృహస్థులు కలిసి ఒక పడవ నడుపుకొనుచుండిరి. పడవ ఇంజనుకు తెచ్చిన అప్పు విషయములో వారికి మాట తేడా వచ్చెను. మొదట పడవ వేరాయెను, తరువాత వంట వేరాయెను, చివరకు మందిరములో చాప కూడ వేరాయెను. పెద్దవాని కుటుంబము ఆరాధనకు వచ్చుటయే మానెను. ఎనిమిది నెలలు గడిచినవి. మేమేమి చేసితిమి? వారి యింటికి పోలేదు. శ్రమకాలపు ఆదివారమొకటి చూచుకొని, సహోదర ప్రేమను గూర్చి మిక్కిలి కఠినముగా ప్రసంగించితిమి. పేరు చెప్పకపోయినను ఎవరిని గూర్చి చెప్పుచున్నామో అందరికిని తెలిసెను. ఆ మాటలు మధ్యాహ్నమునకే ఆ యింటికి చేరెను. మంచి ప్రసంగము చేసితిమని తలంచి మేము సాయంకాలము తీరమునకు నడిచి వెళ్లితిమి.

అక్కడ ఎనుబది ఏండ్లు దాటిన ఒక పెద్దాయన తాటాకు పాక నీడను కూర్చుండి వల బాగుచేయుచుండెను. ప్రక్కనే అతని మనుమడు ఒక గోనెపట్టా పరచుకొని, దాని మీద గాలపు రీలొకటి విప్పి పెట్టుకొని కూర్చుండెను. ఆ యౌవనస్థుడు విశాఖపట్నములో ఉద్యోగము చేయుచు సెలవులకు వచ్చియుండెను.

“ఏమైంది బాబూ?” అని అడిగితిమి.

“నా తప్పేనండి అయ్యగారూ. క్రిస్మస్ సెలవులకి వచ్చినప్పుడు సముద్రంలో వాడి, కడక్కుండా సంచీలో పడేసి వెళ్లిపోయానండి. ఇప్పుడు పిడి తిరగడం లేదు.”

పైకి చూచుటకు ఆ రీలు క్రొత్తదానివలె మెరయుచుండెను. లోపల చూడగా పండ్ల చక్రముల సందులలో తెల్లని ఉప్పు గట్టిపడియుండెను. పాత గ్రీజు పసుపుపచ్చని బంకయై యుండెను. చక్రము సులువుగా తిరుగుటకు అమర్చిన చిన్న బేరింగొకటి తుప్పు పట్టి పూర్తిగా పాడైపోయెను. సముద్రము దానిని ఒక్క దినమే తాకెను, ఆ తరువాత నాశనమంతయు ఇంటిలో, సంచిలో, చీకటిలో జరిగెను.

పెద్దాయన నవ్వి, “కొళాయి కింద పెట్టి గట్టిగా కొట్టు, అదే పోతాది” అనెను.

“పోదు తాతా. గట్టిగా కొడితే ఉప్పూ ఇసకా ఇంకా లోపలికి పోతాయి. మంచినీళ్లు మెల్లగా పొయ్యాలి. తుడవాలి. నీడన ఆరబెట్టాలి.”

ఆ మాట మా హృదయములో గుచ్చుకొనెను. ఉదయమున మేము చేసినది అదే గదా! గట్టిగా కొట్టి, ఉప్పును మరింత లోపలికి త్రోసితిమి.

ప్రియులారా, ఆ సాయంకాలము నేర్చుకొనిన మూడు సంగతులను మీ ముందుంచుచున్నాము.

మొదటిది: ఏమియు పడని రాత్రి తరువాత కూడ వల కడుగవలెను.

పేతురును అతని జతగాండ్రును రాత్రియంతయు కష్టపడినను ఒక్క చేప పడలేదు. చేపలు పడిన ఉదయమున వల కడుగుట కష్టము కాదు, చేతిలో కూలి యున్నప్పుడు చేతులు తేలికగా ఆడును. ఏమియు పడని ఉదయమున, నిద్ర కన్నులతో, ఇంటిలో ఏమి చెప్పవలెనో తెలియక, నాచును బురదను తీసి వల ఉతుకుట వేరు. ఆ కాలమందు వలలను అవిసెనారతో అల్లుచుండిరి. తడిసిన నార వలను కడిగి ఆరవేయనియెడల అది కుళ్లిపోవును. కావున చేప పడినను పడకపోయినను ఆ పని తప్పదు.

మన పెద్దాయన చిన్నతనమందు మన తీరమునను అట్లే యుండెను. అప్పటివి నూలు వలలు. సముద్రమునుండి వచ్చిన ప్రతిసారి వాటిని కడిగి ఎండలో ఆరవేయవలెను. ఊరక యుంచినయెడల కంటికి కనబడని సూక్ష్మజీవులు నూలును తినివేయును. అందుచేత అప్పుడప్పుడు చింతగింజల పొట్టునైనను చెట్ల బెరడునైనను కాచి, ఆ కషాయములో వలలను నానబెట్టుచుండిరి. ఆ వగరులోని గుణము నూలును కొంతకాలము కాపాడును. తరువాత నైలాను వలలు వచ్చెను. అవి నూలువలె కుళ్లవు గాని, ఎండలో విడిచిపెట్టినయెడల సూర్యకిరణములకు దారము బలహీనపడి తెగును. పెద్దాయన దానిని ఒక్క మాటలో చెప్పెను: “అప్పట్లో వలని నీడ చంపేదండి. ఇప్పుడు ఎండ చంపుతాది.”

ఎంత నిజము! మన తండ్రుల విశ్వాసమును బెదిరించినవి పేదరికము, అవమానము, ఊరి వెలివేత. మన విశ్వాసమును బెదిరించునవి వేరుగా నున్నవి: కొంచెము సౌకర్యము, తీరిక లేకపోవుట, మందిరము ఎక్కడికి పోవునులే అను ధీమా. అపాయము మారినది గాని కాపుదల అవసరము మారలేదు.

మీలో కొందరు ఈ మాటలు చదువుచు అలసియున్నారని మాకు తెలియును. ఆదివారపు బడికి ముగ్గురే పిల్లలు వచ్చినప్పుడు చాప దులిపి పరచుచున్న సహోదరీ, త్రాగుబోతైన కుమారుని కొరకు ఏండ్ల తరబడి ప్రార్థించుచున్న తల్లీ, వినువారు లేకపోయినను ఇల్లిల్లు తిరుగుచున్న బైబిలు స్త్రీ, మీరు ఖాళీ వల కడుగుచున్నారు. ఒక్కటి గుర్తుంచుకొనుడి. ప్రభువు ఆ తీరమునకు వచ్చినప్పుడు చేపల రాశులు ఉన్న పడవను వెదకలేదు. ఖాళీ పడవనే అడిగి, దానిలో కూర్చుండి బోధించెను.

ఇంకొక సంగతి. లోతునకు పోయి మరల వలలు వేయుమని ప్రభువు చెప్పినప్పుడు, అవి అప్పుడే కడిగిన వలలు! మరల వేసినయెడల మరల కడుగవలెను. పేతురు విధేయతకు వెల అదియే. చేపలు పడునని అతనికి రూఢి లేదు, కడుగవలసిన పని మాత్రము రూఢియే. అయినను ఆయన మాట చెప్పెను గనుక వేసెను. వేయుటకు వల సిద్ధముగా ఉండెను, ఏలయనగా ఆ నిరాశ ఉదయమున అతడు దానిని మూలకు విసరివేయలేదు.

రెండవది: ఉప్పును దినదినము, మెల్లగా తీయవలెను.

ఉప్పు రీలును ఒక్క దినమున విరుగగొట్టదు. నీరు ఆరిపోవును, ఉప్పు నిలిచిపోవును. నిలిచిన ఉప్పు గాలిలోని తేమను పీల్చుకొని లోహమును తినుచుండును. మన హృదయములలో కోపము కూడ అట్టిదే. మాటలయుద్ధము ఆ సాయంకాలమునకే ముగియును, దాని ఉప్పు లోపల నిలుచును. సూర్యుడు అస్తమించువరకు కోపమును నిలుపుకొనకూడదని అపొస్తలుడైన పౌలు ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో (4:26) హెచ్చరించుటకు కారణమిదియే. రీలును వాడిన దినముననే కడుగవలెను. మరునాటికి ఉప్పు గట్టిపడును, నెలకు లోహములో దిగును.

కడుగు విధమును ఆ యౌవనస్థుడు మాకు చూపెను. దారము ఎంత బిగువున విడువవలెనో నిర్ణయించు మర యొకటి రీలుకు ఉండును. కడుగుటకు ముందు దానిని బిగించవలెను, అప్పుడు నీరు దాని లోపలి బిళ్లలలోనికి పోదు. మంచినీళ్లు సన్నని ధారగా పోయవలెను. మెత్తని గుడ్డతో తుడిచి, ఆ మరను వదులు చేసి ఆరబెట్టవలెను. ఎల్లప్పుడును బిగించియే యుంచినయెడల లోపలి బిళ్లలు అణగి చెడిపోవును. తిరుగు చోట్ల ఒక్కొక్క నూనె చుక్క, పండ్ల చక్రములకు కొంచెము గ్రీజు. ఎక్కువ నూనె పోసినయెడల ఇసుక అంటుకొని మరింత కీడు జరుగును.

ఇందులో ప్రతి దానియందును మనకు పాఠమున్నది. తప్పిదములో చిక్కిన సహోదరుని సరిచేయునప్పుడు సాత్వికముతో చేయుడనియు, మనము కూడ శోధింపబడకుండ మనలను చూచుకొనవలెననియు పౌలు గలతీయులకు బోధించెను. అది మెత్తదనము కాదు, తెలివి. గట్టి ధార ఉప్పును లోపలికి త్రోయును, సన్నని ధార దానిని కరిగించి బయటికి తెచ్చును. బల్ల మీదనుండి పదిమంది యెదుట ఒకనిని కొట్టుట సులువు. వాని గడప దాటి, వాని మంచము మీద కూర్చుండి, వాడు చెప్పునది వినుట కష్టము. అట్లే బిగువును వదులు చేయుట కూడ నేర్చుకొనవలెను. విశ్రాంతి దినమును మన పెద్దలు కట్టడగా పాటించినది ఊరకనే కాదు. ఏడు దినములును బిగిసియున్న మనుష్యుడు ఇంటివారి మీదనే తెగును.

మూడవది: తెగిన కన్నును కట్టవలెను.

యాకోబు యోహానులు వలలు బాగుచేయుటను గూర్చి మార్కు వ్రాసినప్పుడు గ్రీకు భాషలో “కటార్టీజో” అను క్రియను వాడెను. చెడినదానిని సరిచేసి పనికి సిద్ధపరచుట దాని భావము. తప్పిపోయిన సహోదరుని సరిచేయుడని పౌలు గలతీయులకు చెప్పినప్పుడు వాడినది కూడ ఈ క్రియయే. కొరింథులో కక్షలు పుట్టినప్పుడు, మీరు ఏక మనస్సుతో కూర్పబడియుండుడని వ్రాసినప్పుడును (1 కొరింథీ 1:10) ఇదే మాట. కొంతకాలము శ్రమపడిన వారిని దేవుడే సరిచేయునని పేతురు తన మొదటి పత్రికలో (5:10) చెప్పినప్పుడును ఇదే మాట. పేతురు జాలరి, ఆ మాట బరువు అతని చేతులకు తెలియును. సంఘమును బాగుచేయుట అనగా వల బాగుచేయుటయే.

పెద్దాయన వల బాగుచేయుటను మేము చాలసేపు చూచితిమి. చినిగిన చోటును ఆయన వెంటనే కుట్టలేదు. మొదట కత్తి తీసికొని, చీకిపోయిన దారములను కోసివేసెను. చిరుగు రెండింతలాయెను!

“ఇదేమిటి పెద్దయ్యా, ఇంకా పెద్దది చేశారే?” అని అడిగితిమి.

“గట్టి ముడి దొరికేదాకా కొయ్యాలండి అయ్యగారూ. చీకిన దారానికి ముడేస్తే నిలబడదు. మొదటి చేపకే తెగుతాది.” ఇట్లు చెప్పి, కొంచెము సేపు ఊరకుండి, తల ఎత్తకుండనే, “మా పిల్లల సంగతీ అంతేనండి” అనెను. ఆ ఇద్దరు గృహస్థులు ఆయన తమ్ముల కుమారులు.

అప్పుడాయన మాకు తెలియని సంగతి చెప్పెను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు వారి పడవలు, వలలు సమస్తమును కొట్టుకొనిపోయెను. తరువాత దారము దొరికినప్పుడు, ఆ ఇద్దరి తండ్రులు ఒక్క కొయ్యకు రెండు వైపుల కూర్చుండి ఒక్క వలను అల్లిరి. ఎవడు ఎన్ని కన్నులు అల్లెనో ఎవడును లెక్కపెట్టలేదు. “వాళ్ల అయ్యలు లెక్క లేకుండా అల్లారు. వీళ్లు లెక్క కోసం తెంచుకున్నారు” అని ఆయన కన్నీరు తుడుచుకొనెను.

ఆ రాత్రియే మేము ఇద్దరు సంఘపెద్దలను వెంటబెట్టుకొని పెద్దవాని యింటికి వెళ్లితిమి. మొదట ఉదయపు ప్రసంగము నిమిత్తము క్షమాపణ అడిగితిమి. అతడు చాలసేపు మాటలాడలేదు. అతని భార్య మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. తరువాత అతడు చెప్పసాగెను, మేము విన్నాము. మూడు వారముల తరువాత ఇద్దరిని కూర్చుండబెట్టి, అప్పు కాగితములు ముందర పెట్టి, ప్రతి చెల్లింపును ఒక తెల్ల కాగితము మీద వ్రాయించితిమి. చీకిన దారము కోయుట అనగా అదే. “మరచిపొండి, ప్రార్థన చేసికొందము” అని మేము ముడివేసియుంటే అది మొదటి చేపకే తెగియుండును. లెక్కలో చిన్నవాడు పెద్దవానికి కొంత బాకీ తేలెను, పెద్దవాడు అన్న కొన్ని మాటలు అబద్ధమని తేలెను. ఇద్దరును తల వంచుకొనిరి.

పడవ ఇంకను ఒకటి కాలేదు. అది మేము దాచము. అయితే ఈస్టరు ఉదయమున పెద్దవాని కుటుంబము మందిరమునకు వచ్చి, చివరి చాప మీద కూర్చుండెను. ప్రభువు బల్ల యొద్దకు వచ్చు వేళ చిన్నవాడు లేచి వెనుకకు పోయి, అన్న ప్రక్కన నిలిచెను. ఏమియు అనలేదు. ఇద్దరును కలిసి బల్ల యొద్దకు నడిచి వచ్చిరి. పెద్దాయన కన్నులు మూసికొని యుండెను గాని చూచుచున్నాడని మాకు తెలియును.

1986లో గలిలయ సరస్సు నీరు అనావృష్టిచేత తగ్గినప్పుడు, బురదలో ఒక పురాతనమైన పడవ బయటపడెను. దాని పొడవు ఇంచుమించు 27 అడుగులు, వెడల్పు ఏడున్నర అడుగులు. ప్రభువు భూమి మీద సంచరించిన కాలమునకు చేరువైన కాలమందు ఆ సరస్సు మీద తిరిగిన పడవ అది. దానిని పరీక్షించినవారు ఇంచుమించు పండ్రెండు రకముల కలపను అందులో కనుగొనిరి. చెడిన చోటనెల్ల దొరికిన చెక్కతో అతుకు వేయుచు, దాని యజమానులు దానిని చాలకాలము నడిపిరి. ప్రభువు ఎక్కిన పడవలు బహుశః ఇట్టివే. మన సంఘములు కూడ అతుకుల పడవలే. అతుకులున్నందుకు సిగ్గుపడ నక్కరలేదు, అతుకు వేయక విడిచినందుకు సిగ్గుపడవలెను.

ప్రియులారా, ఒక హెచ్చరికతో ముగింతుము. వలను కాపాడుట మంచిది, వలను పూజించుట పాపము. తన వలకే బలి అర్పించి ధూపము వేయువానిని గూర్చి హబక్కూకు ప్రవక్త (1:16) దుఃఖించెను. మన మందిరము, మన కూటములు, మన లెక్కల పుస్తకము, ఇవన్నియు వలలే. ప్రభువు పిలిచిన గడియలో ఆ జాలరులు కడిగిన వలలను, నిండిన పడవలను కూడ ఒడ్డున విడిచి ఆయనను వెంబడించిరి. అట్లని వలను నిర్లక్ష్యముగా పారవేయుట విడిచి వెంబడించుట కాదు. సముద్రములో తప్పిపోయిన నైలాను వల కుళ్లక, యజమానుడు లేకయే, చేపలను చంపుచు తిరుగునని జాలరులు ఎరుగుదురు. ఎవరును బాధ్యత వహించని కోపము కూడ అట్లే తరములు తిరుగును.

కావున ఈ నెలలో ప్రతి గృహములో మూడు పనులు చేయుదము. నిద్రకు ముందు ఆ దినపు ఉప్పును ప్రభువు సన్నిధిని కడుగుకొందము. మందిరములో ఖాళీగా ఉన్న చాప ఎవరిదో గుర్తించి, వారి యింటికి పోయి, మొదట వినుదము. మనము పట్టుకొనియున్న చీకిన దారము ఏదో, అది బాకీయైనను అబద్ధమైనను, ఒప్పుకొని కోసివేయుదము.

ప్రార్థన: గలిలయ తీరమున అలసినవారిని చూచిన ప్రభువా, మా ఖాళీ వలలను నీవు చూచుచున్నావు. కడుగుటకు ఓర్పును, కట్టుటకు సాత్వికమును, నీవు పిలిచినప్పుడు విడుచుటకు విశ్వాసమును మాకు దయచేయుము. మా చేతులతో తెగిన కన్నులను నీ చేతులతో కట్టుము. ఆమేన్.